ఐదుంబావు బస్సు

ఆ తల్లి వచ్చింది డిసెంబరు నెలలో, ప్రార్థన గంట కొట్టకముందే. టమోటా కోతకు పోతా పోతా వచ్చినట్టుంది, కొంగు నడుముకు చుట్టుకుని, చేతిలో సద్ది క్యారియర్‌తో ఆఫీసు గడప దగ్గరే నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"బస్సు రాలేదు సార్. నిన్న మా పాప ఏడున్నరకు ఇల్లు చేరింది. చీకట్లో మామిడి తోపుల్లో నడుచుకుంటా వచ్చింది. మీరు ఏమన్నా చెయ్యండి" అంది.

నేను అప్పటికి హెడ్మాస్టరు కుర్చీలో కూర్చుని రెండేళ్లు. బస్సు సంగతి బడి పరిధిలోకి రాదని నా నమ్మకం. "అది డిపో వాళ్లు చూడాలమ్మా, ఒక అర్జీ రాసి ఇవ్వండి" అన్నాను. ఆమె నావైపు చూసి, "రాసేది వచ్చింటే మీ కాడికి ఎందుకు వస్తాను సార్?" అని వెళ్లిపోయింది. కోపంగా అన్న మాట కాదది. ఉన్న సంగతి చెప్పింది, అంతే. ఆరోజు మొదటి పీరియడ్ ఎట్లా చెప్పానో నాకు గుర్తు లేదు.

నేను రిటైరై చాన్నాళ్లయింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల పల్లెల్లోనే నా ఉద్యోగమంతా గడిచింది. పాఠాలు చెప్పడం గురించి ఈ కాలమ్‌లో చాలాసార్లు రాశాను. పిల్లల రాకపోకల మీద తల్లిదండ్రులు చెప్పే ఫిర్యాదును పట్టుకుని దాన్ని చివరిదాకా తీసుకెళ్లడం కూడా ఒక పనితనమేనని మాత్రం ఎప్పుడూ రాయలేదు. ఆ పని నాకు నేర్పింది ఆ తల్లే. పేరు రాయను, ఆమె ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉంది.

మరుసటి రోజు సాయంత్రం నేనే ఆ బస్సెక్కాను. బడి నాలుగింటికి వదులుతాం. నాలుగుంబావుకు బస్సు రావాలి. వచ్చింది, ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా. ఆ దారి పిల్లలు పదకొండుమంది ఎక్కారు. ఆ పాప మాత్రం ఎక్కలేదు. అరుగు మీద పుస్తకాల సంచి పెట్టుకుని, దాని మీద గడ్డం ఆనించి కూర్చుంది. బస్సు కదులుతుంటే కిటికీలోంచి అడిగాను, "ఏమ్మా, రావా?" అని. "అక్క రావాల సార్" అంది.

అక్కంటే పెదనాన్న కూతురు, పదో తరగతి. పదో తరగతి పిల్లలకు నాలుగు నుంచి ఐదు దాకా స్టడీ అవర్ పెట్టింది నేనే. పరీక్షా ఫలితాలు బాగుండాలని పెట్టాను. పెట్టేటప్పుడు బస్సుల టైము చూడలేదు. ఏడో తరగతి చదివే పాపను ఒంటరిగా తోపుల్లో రావద్దని తల్లి కట్టడి చేసింది. కాబట్టి పాప అక్క కోసం ఐదు దాకా ఆగుతుంది. ఐదింటికి ఇద్దరూ బయటికొస్తే తర్వాతి బస్సు ఆరూనలభైకి. అది దిగి, మైలు దూరం నడిచి ఇల్లు చేరేసరికి ఏడున్నర. డిసెంబరులో మా వైపు ఆరు లోపే పొద్దు గూకుతుంది.

తల్లి చెప్పిన మాట "బస్సు రాలేదు" అని. బస్సు వచ్చింది. తప్పిందల్లా నా గంట. కానీ ఆమె అబద్ధం చెప్పిందా? లేదు. ఆమె బిడ్డకు బస్సు రాలేదు, ఆ మాట నిజమే. ఫిర్యాదు చేసేవాళ్లు వాళ్లకు కనబడే చివరి కొసను చెప్తారు. చీకట్లో గడపలోకి వచ్చిన బిడ్డ, ఆ కొస. దాని వెనక ఉన్న గంటలు, ట్రిప్పులు, స్టడీ అవర్లు, బస్సు తిప్పుకునే చోట్లు వాళ్లకు కనబడవు. వెనక్కి నడిచి చూసి రావాల్సింది ఫిర్యాదు అందుకున్నవాడు.

ఆ రాత్రి ఇంటికొచ్చి ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి గీతలు కొట్టాను. ఇల్లు వదిలిన టైము, స్టాపు చేరిన టైము, బస్సెక్కిన టైము, బడి చేరిన టైము. సాయంత్రానికి మళ్లీ నాలుగు గళ్లు. ఆ దారిలో వచ్చే పిల్లలందరి పేర్లూ రాసి, గడియారం ఉన్న ఒక తొమ్మిదో తరగతి పిల్లవాడికి అప్పజెప్పాను. పన్నెండు పనిరోజులు రాశాడు. వాడి రాత గజిబిజిగా ఉండేది కానీ టైము మాత్రం నిమిషాలతో సహా వేసేవాడు. వర్షం పడిన రోజు పక్కన చిన్న గొడుగు బొమ్మ గీసేవాడు. ఆ నోట్‌బుక్ నా దగ్గర ఇంకా ఉంది.

దాన్ని పట్టుకుని డిపోకు వెళ్లాను. అంతకుముందు ఊరివాళ్లు కొత్త బస్సు వేయమని రెండుసార్లు అర్జీ ఇచ్చారట. కొత్త బస్సుకు బండి కావాలి, డ్రైవరు కావాలి, కండక్టరు కావాలి, డీజిలు కావాలి. ఏ డిపోలోనూ అవి ఊరికే పడి ఉండవు. నేను ఆరూనలభై ట్రిప్పును ఐదుంబావుకు జరపమని అడిగాను. తేలిక పరిష్కారం అనుకున్నాను. బస్టాండులో కంట్రోలర్ నా మాట విని, "సార్, ఒకసారి ఆరూనలభైకి ఎవరెక్కుతారో చూసి మళ్లీ రండి" అన్నాడు.

చూశాను. నీరుగట్టువారిపల్లెలో మగ్గాల పని ముగించుకుని వచ్చేవాళ్లు, బట్టల అంగళ్లలో పనిచేసే ఆడపిల్లలు, ఆస్పత్రి నుంచి ముసలాయనను పట్టుకుని ఇంటికి పోతున్న కొడుకు. వాళ్లకు అదే చివరి బస్సు. నా బడి పిల్లల కోసం ఆ బస్సు గంటన్నర ముందుకు జరిగితే వీళ్లంతా రాత్రి రోడ్డు మీద నిలబడతారు. వాళ్లెవరూ నా దగ్గరకు వచ్చి ఫిర్యాదు చెయ్యరు కాబట్టి వాళ్ల బాధ నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఒక ఫిర్యాదు తీర్చి ఇంకోచోట పది ఫిర్యాదులు పుట్టించడం చాలా సులభం. పుట్టినవి మన బల్ల మీదికి రావు కాబట్టి మనం మంచి చేశామనే అనుకుంటాం.

చివరికి దారి చూపింది ఆ కంట్రోలరే. వేరే ఊరికి పోయే ఒక బస్సు సాయంత్రం ఐదు నుంచి ఐదూముప్పావు దాకా బస్టాండులో ఊరికే నిలబడుతుంది. ఆ ముప్పావుగంటలో మా దారిలో ఒక చిన్న ట్రిప్పు కొట్టి రావచ్చు. డ్రైవరు, కండక్టరు టీ తాగే టైము అది. వాళ్లిద్దరితోనూ ఆయన మాట్లాడాడు, నేనూ మాట్లాడాను. డిపో మేనేజరు సరేనన్నారు. నేను నా వంతుగా స్టడీ అవర్‌ను పది నిమిషాలు ముందుగా ముగించాను. ఐదుంబావు బస్సు అట్లా పుట్టింది. తల్లి నా గడప దగ్గరకు వచ్చిన రోజు నుంచి లెక్కేస్తే ఏడు వారాలు.

ఆ ఏడు వారాల్లో నేను చేసిన ఒక తప్పు ఉంది. ఏం జరుగుతోందో ఆమెకు ఒక్కసారి కూడా చెప్పలేదు. పని అయ్యాక చెప్దాంలే అనుకున్నాను. ఐదో వారంలో ఆమె పాపను బడి మాన్పించి వాళ్ల చిన్నమ్మ ఊరికి పంపేయడానికి సిద్ధపడింది. క్లాస్ టీచరు చెప్తే పరుగున వెళ్లాను. "మీరు మరిచిపోయినారు అనుకున్నా సార్" అంది. అప్పటి నుంచి వారానికోసారి, పని కదిలినా కదలకపోయినా, ఫిర్యాదు చెప్పినవాళ్లకు కబురు పెట్టడం అలవాటు చేసుకున్నాను. "ఈ వారం ఏమీ కాలేదమ్మా, వచ్చే మంగళవారం మళ్లీ పోతాను" అని చెప్పినా సరిపోతుంది. జవాబు లేకపోవడాన్నే జనం జవాబుగా తీసుకుంటారు.

చట్టం ఏమంటుందో తర్వాత్తర్వాత చదివి తెలుసుకున్నాను. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలో 32వ సెక్షన్ ఉంది. పిల్లల హక్కుకు సంబంధించి ఎవరికి ఏ బాధ ఉన్నా స్థానిక సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. ఇరుపక్షాల మాటా విని మూడు నెలల్లోగా తేల్చాలి. నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు వెళ్లవచ్చు. సెక్షన్ మంచిదే. కానీ అదే చట్టం ప్రాథమికోన్నత తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు ఉండాలంటోంది. మూడు నెలలంటే అందులో సుమారు మూడో వంతు. బస్సు లేని బిడ్డకు మూడో వంతు ఏడాది పోతే మిగిలింది ఎవరు చదువుతారు? పైగా పంచాయతీకో మున్సిపాలిటీకో బడి రవాణా మీద అర్జీ పెట్టవచ్చన్న సంగతే మా తల్లులకు తెలియదు. వాళ్లకు తెలిసింది సోమవారం కలెక్టరాఫీసు. స్పందన అన్నారు, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు. పేరేదైనా సోమవారం క్యూ మాత్రం అట్లాగే ఉంది.

ఇంగ్లండులో పిల్లల్ని బడికి చేర్చే బాధ్యత అక్కడి స్థానిక కౌన్సిళ్లది. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు బడి రెండు మైళ్లు దాటితే, ఆ పైవాళ్లకు మూడు మైళ్లు దాటితే ఉచితంగా తీసుకెళ్లాలని 1996 నాటి విద్యాచట్టం చెబుతోంది. కౌన్సిల్ కాదంటే తల్లిదండ్రులు ఇరవై పనిదినాల్లో తిరిగి పరిశీలించమని అడగవచ్చు. మొదట ఒక అధికారి చూస్తాడు, అప్పటికీ తేలకపోతే ఆ నిర్ణయంతో సంబంధం లేని సభ్యుల బృందం వింటుంది. నాకు అందులో బాగా నచ్చింది వేరే విషయం. దూరాన్ని మ్యాపు మీద గీత గీసి కొలవరు. పెద్దవాళ్లు తోడుంటే బిడ్డ క్షేమంగా నడవగలిగిన దారి ఎంత పొడవో కొలుస్తారు. దారి క్షేమం కాకపోతే దూరం తక్కువైనా బండి పెట్టాలి.

మనకూ ఆ ఆలోచన లేకపోలేదు. మన విద్యాహక్కు చట్టం కింద కేంద్రం తయారుచేసిన నమూనా నియమాల్లో ఒకటో తరగతి నుంచి ఐదు దాకా కిలోమీటరు, ఆరు నుంచి ఎనిమిది దాకా మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలన్నారు. కొండలు, వరదలు, రోడ్లు లేకపోవడం, చిన్నపిల్లలకు ఏదైనా ప్రమాదం ఉన్నచోట ఆ దూరాన్ని ఇంకా తగ్గించాలనీ అన్నారు. 2022లో 117 నంబరు జీవోతో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని కిలోమీటరు లోపున్న హైస్కూళ్లకు తరలించినప్పుడు రాష్ట్రమంతా తల్లిదండ్రులు బడుల ముందు కూర్చున్నది ఇందుకే. కాగితం మీద కిలోమీటరు కిలోమీటరే. మా వైపు ఆ కిలోమీటరు మధ్యలో మదనపల్లె, పుంగనూరు మీదుగా కుప్పం వైపు సాగే 42వ నంబరు జాతీయ రహదారి ఉంటే? ఎనిమిదేళ్ల బిడ్డ దాన్ని రోజుకు రెండుసార్లు దాటాలి. ఆ జీవోను 2025లో వెనక్కి తీసుకున్నారు. అప్పటి అర్జీలు చాలావాటిలో దూరం మాట లేదు, రోడ్డు మాటే ఉంది. చదివినవాళ్లకు అర్థమయ్యేది.

కుప్పం వైపు ఓ హైస్కూల్లో పనిచేసే మిత్రుడు చెప్పిన సంగతి ఇక్కడ రాయాలి. కౌండిన్య అడవి అంచు పల్లె. ఏనుగులు దిగే కాలంలో సాయంత్రం బస్సు పిల్లల్ని క్రాస్ దగ్గర దించి పోతోంది, అక్కణ్ణుంచి రెండు కిలోమీటర్ల నడక. ఒక తండ్రి వచ్చి, "ఏనుగుకు మీ జీవో చూపించమంటారా సార్?" అని అడిగాడట. బస్సు ఊళ్లోకి ఎందుకు పోదని నా మిత్రుడు ఆరా తీస్తే రెండు కారణాలు తేలాయి. ఊళ్లో బస్సు తిప్పుకునే చోటు లేదు. దారిలో ఒక చింతకొమ్మ బస్సు టాపుకు తగులుతుంది. అంతే. అడవీ కాదు, ఏనుగూ కాదు, బడ్జెట్టూ కాదు. ఊరి పెద్దమనిషి ఒకాయన తన కళ్లం చోటు ఇచ్చాడు, సాయంత్రం ఒక్క పది నిమిషాలు అక్కడ ఏ ధాన్యమూ ఆరబోయనని మాటిచ్చాడు. చింతకొమ్మను ఊరివాళ్లే కొట్టారు. డ్రైవరు పగటిపూట ఖాళీ బస్సుతో వచ్చి ఒకసారి తిప్పి చూసుకుని, ఒక రాయి జరపమన్నాడు. జరిపారు. మరుసటి సోమవారం నుంచి బస్సు ఊళ్లోకి వెళ్లింది.

ఏనుగులు ఇంకా వస్తూనే ఉన్నాయి. 2025 మేలో కర్ణాటక నుంచి అడవి ఏనుగుల్ని తరిమే శిక్షణ పొందిన కుంకీ ఏనుగుల్ని తెప్పించి పలమనేరు దగ్గర ముసలిమడుగులో ఉంచారు, వాటితో కొంత ఊరట ఉంటుందని అక్కడి రైతుల ఆశ. ఆ ఊరి పిల్లలు మాత్రం అప్పటికే బస్సులోంచి ఇంటి ముందు దిగుతున్నారు.

నేను ఆ చింతకొమ్మ గురించి చాలాసార్లు ఆలోచించాను. ఎన్ని అర్జీలు ఆ కొమ్మకు తగులుకుని ఆగిపోయి ఉంటాయి! "రూటు అనుకూలంగా లేనందున" అని ఒక ముక్క రాసి అర్జీ మూసేస్తే రాసినవాడు నిజమే రాసినట్టు. ఆ మాట వెనక కొమ్మ ఉందో, కల్వర్టు కూలిందో, కేవలం ఎవరూ వెళ్లి చూడలేదో ఆ కాగితంలో ఉండదు. వెళ్లి చూసినవాడు రాసిన జవాబు వేరేగా ఉంటుంది, చదవగానే తెలిసిపోతుంది. దాన్లో చెట్టు పేరు ఉంటుంది.

పాసుల గురించి కూడా చెప్పాలి. ఆర్టీసీలో ఆడపిల్లలకు పదో తరగతి దాకా, మగపిల్లలకు పన్నెండేళ్ల దాకా ఇరవై కిలోమీటర్ల లోపు ఉచిత పాసు చాలాకాలంగా ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లందరికీ పల్లెవెలుగుతో పాటు మామూలు బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. కూలికి పోయే తల్లికి రోజుకు మిగిలే నలభై యాభై రూపాయలు చిన్న సొమ్ము కాదు, నేను దాన్ని మనసారా ఆహ్వానిస్తాను. బస్సుల్లో రద్దీ మాత్రం పెరిగింది. పొద్దున ఎనిమిదింటి ట్రిప్పులో ఆరో తరగతి పిల్లవాడు పెద్దవాళ్ల మోచేతుల కింద ఊపిరాడక నిలబడుతున్నాడని తల్లిదండ్రులు ఇప్పుడు చెబుతున్నారు. ఈ ఫిర్యాదు విన్నప్పుడు ఆడవాళ్లను తప్పుబట్టేవాళ్లు ఉన్నారు. నాకు ఆ మాట బాధ కలిగిస్తుంది. ఆ పిల్లవాడి తల్లి కూడా అదే బస్సులో ఉంది. అడగాల్సింది ఆ ఒక్క గంటకు ఇంకో ట్రిప్పు. ఏ రోజు, ఏ స్టాపులో, ఎంతమంది పిల్లలు ఎక్కలేక మిగిలిపోయారో నోట్‌బుక్కులో రాసుకుని అడిగితే డిపోవాళ్లు వినరని నేను అనుకోను. నా అనుభవంలో విన్నారు.

అన్ని ఫిర్యాదులూ తీరవు. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న కొండ కింది పల్లెకు బస్సు తేవడం నా వల్ల కాలేదు. ఒక నాయనమ్మ మూడేళ్లు తిరిగింది నా చుట్టూ. "అవదమ్మా" అని చెప్పడానికి నాకు ఏడాది పట్టింది, ఆ ఏడాదీ ఆమెను ఆశలో ఉంచాను. ముందే చెప్పి ఉంటే వేరే దారులు ముందే వెతికేవాళ్లం. సమగ్ర శిక్ష కింద దూరం నుంచి వచ్చే పిల్లలకు ఏడాదికి 6000 రూపాయల దాకా రవాణా భత్యం ఇవ్వవచ్చు. ఆటో దొరికే ఊళ్లో అది ఎంతో మేలు. ఆటోనే రాని ఊళ్లో ఆ డబ్బు బ్యాంకులో ఉంటుంది, బిడ్డ దారిలో ఉంటుంది. సైకిలు ఒక మంచి దారి. బిహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లిస్తే హైస్కూళ్లలో వాళ్ల చేరిక 30 శాతానికి పైగా పెరిగిందని కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ లెక్కగట్టారు. బడి మూడు కిలోమీటర్లకు మించి ఉన్న ఊళ్లలోనే ఆ మేలు ఎక్కువ కనబడింది. మా దగ్గరే ఋషి వ్యాలీ వాళ్లు ఇంకో రకంగా ఆలోచించారు. చుట్టుపక్కల పల్లెల్లో ఒక్క టీచరుతో నడిచే చిన్న బడులు పెట్టి, బిడ్డను బడికి తేవడం కాకుండా బడినే బిడ్డ దగ్గరకు తీసుకెళ్లారు. ఆ నాయనమ్మ మనవరాలికి చివరికి కస్తూర్బా బడిలో సీటు దొరికింది. హాస్టల్లో దింపి వచ్చిన రోజు ఆమె నాతో మాట్లాడలేదు. నేను మాట్లాడించే ధైర్యం చేయలేదు.

ఐదుంబావు బస్సు ఇప్పటికీ నడుస్తోంది. మధ్యలో రెండుసార్లు ఆగింది. ఒకసారి డ్రైవర్ల కొరతకు, ఒకసారి కరోనాకు. రెండుసార్లూ ఊరివాళ్లే వెళ్లి మాట్లాడి తెచ్చుకున్నారు. బడి విద్యా కమిటీలో తల్లిదండ్రులే ముప్పావు వంతు ఉండాలని విద్యాహక్కు చట్టం చెప్పింది, అందులో సగం మంది ఆడవాళ్లు ఉండాలనీ చెప్పింది. రెండోసారి డిపోకు వెళ్లినవాళ్లలో సద్ది క్యారియర్‌తో నా గడప దగ్గర నిలబడిన తల్లి కూడా ఉందట. అర్జీ ఎవరో రాసిచ్చారు, మాట్లాడింది ఆమె.

పోయిన వారం ఒక కొత్త హెడ్మిస్ట్రెస్ ఫోను చేసింది. నా పాత విద్యార్థే. "సార్, పేరెంట్స్ బస్సు లేటంటున్నారు, డిపోవాళ్లు కరెక్టు టైమంటున్నారు, ఎవర్ని నమ్మాలి?" అని అడిగింది. ఇద్దర్నీ నమ్మమన్నాను. మీ బడి గంట ఎన్నింటికి కొడతారని అడిగాను. లైనులో కాసేపు మాట లేదు. గంట ఈ ఏడు మార్చామంది. నోట్‌బుక్ తెరిచి గీతలు కొట్టమన్నాను, గడియారం ఉన్న పిల్లవాణ్ణి ఒకణ్ణి చూసుకోమన్నాను. గురువారం సాయంత్రం నేనూ వస్తాను, ఇద్దరం ఆ బస్సెక్కి చివరి స్టాపు దాకా పోయి వద్దామని చెప్పాను.